నెల ఆపే గోలీలు

మందుల దుకాణం నడిపే అక్క చేయి నా మాత్రల స్ట్రిప్ మీద ఆగిపోయినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. కరీంనగర్‌లో మా వీధి చివరి దుకాణం అది. నెలనెలా నాకు గర్భనిరోధక మాత్రలు ఇచ్చేది ఆమే.

"బాసర పోయినప్పుడు నెల ఆపే గోలీలు ఏసుకున్న అక్కా. బంద్ చేసి తొమ్మిది దినాలైంది, ఇంకా రాలే. గీ స్ట్రిప్ మొదలుపెట్టొచ్చా?" అని అడిగాను.

"గీ నడుమ వేరే ఏం వాడలే?"

"లే. గవే చాలనుకున్న."

ఆమె గొంతు తగ్గించింది. "అవి నెల ఆపుతయమ్మా. కడుపు ఆపయి."

బాబుకు అప్పటికి పదకొండు నెలలు. రెండు కాన్పులూ ఆపరేషన్లే. వెంటనే మళ్లీ కడుపు వస్తే పాత కోత తట్టుకోలేదని, ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ గట్టిగా చెప్పింది. బాబు బరువు తక్కువ పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నందున అప్పుడు ఎవరూ పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ మాట ఎత్తలేదు. అందుకే ఈ మాత్రలు.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఈ మాత్ర అండాన్ని విడుదల కానివ్వదని పరీక్షలో రాశాను కూడా. కానీ పాప అక్షరాభ్యాసానికి బాసర వెళ్లే వారంలోనే నా స్ట్రిప్ అయిపోయింది. నెలసరి అప్పుడే వచ్చేలా ఉంది. అత్తమ్మ కాగితంలో చుట్టి తెచ్చిన గోలీలను ఏమీ అడగకుండా వేసుకున్నాను. అక్కణ్ణుంచి ఆదిలాబాద్‌లో నా పుట్టింట్లో, మా అవ్వ దగ్గర, నాలుగు రోజులున్నాం. మా ఆయనా ఉన్నాడు.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఒలుస్తున్న చిక్కుడుకాయల గిన్నెను ఆమె పక్కకు జరిపింది.

"నేనే తెచ్చిన గదనే బిడ్డా. బతుకమ్మకు, యేములాడ జాతరకు, అన్నిటికీ ఏసుకున్నోళ్లమే. మాకేం కాలే." మళ్లీ తనే అంది: "మాకు అప్పటికే ఆపరేషన్లు అయినయి. గది యాదికి రాలే."

మర్నాడు బస్తీ దవాఖానకు పోయాను. కడుపు పరీక్షలో ఒకటే గీత వచ్చింది, అంటే కడుపు లేదని.

"సంబురపడకు. వారం ఆగి మళ్ల చూడాలె," అంది నర్సు. నా చదువు సంగతి అడిగి నవ్వింది. "డిగ్రీ సదివి గిదేం పనే? స్ట్రిప్ అయిపోంగనే ఇంకో స్ట్రిప్ అందుకుంటే నెలా ఆగుతుండె, కడుపూ ఆగుతుండె. అందాక మీ ఆయనకు గీ నిరోధ్ ఇయ్యి. పిల్లలను గాలిబుగ్గలనుకొని ఊదనియ్యకు."

నాకు నవ్వు రాలేదు. ఆ వారమంతా స్నానాల గదిలోకి ఎన్నిసార్లు పోయానో. కోత మీద చేయి పెట్టుకుని నిలబడేదాన్ని. అన్నం వాసన కొంచెం తేడాగా తగిలినా కడుపేనేమో అనుకునేదాన్ని. ఒకరోజు పాప వాళ్ల నానమ్మను అడగడం వంటింట్లోంచి విన్నాను.

"నానమ్మా, అమ్మ సచ్చిపోతదా? నువ్వు బాపుతోని అన్నవ్ గద."

అత్తమ్మ జవాబు నాకు వినిపించలేదు.

ఎనిమిదో రోజు పొద్దున రక్తం కనిపించింది. అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను. దవాఖానలో మళ్లీ పరీక్ష చేశారు. ఈసారీ ఒకటే గీత. ఆ రోజే కాపర్-టీ వేయించుకున్నాను. అందులోని రాగి మగ బీజాన్ని అండం దాకా చేరనివ్వదని, ఏళ్ల తరబడి పనిచేస్తుందని, వద్దనుకుంటే తీసేస్తారని నర్సు చెప్పింది. దాని చివరి దారం లోపల వేలికి తగులుతుందో లేదో నెలనెలా చూసుకోమంది. అది తగలకపోతే ఎలా అన్న భయం దారిలోనే మొదలైంది.

తెల్లవారి పొత్తికడుపు గుంజుతుంటే పడుకునే ఉన్నాను. పాప బడి బట్టల్లో వచ్చి మంచం పక్కన నిలబడింది. తమ్ముడు దాని గౌను పట్టుకుని ఉన్నాడు. ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

"నిన్న అమ్మ దవాఖానకు పోయింది. ఇంకో పాపో బాబో ఇప్పుడే వస్తే అమ్మకు మంచిగ కాదు. అందుకే రావద్దని కడుపుల చిన్న తీగ పెట్టిండ్రు. జర నొస్తది, గంతే. నేను సచ్చిపోను బిడ్డా. పొద్దుమీకి బడి ఇడిసే యాళ్లకు నేనే వస్త."