బొమ్మలను చల్లబెట్టిన ఎండాకాలం

ఒక ఎండాకాలం మనుమరాలు నన్ను పట్నంలో ఆరుబయట శిల్పాలు పెట్టిన తోటకు తీసుకుపోయింది. టోపీ, గొడుగు, చల్లనీళ్ల సీసా అన్నీ సర్దింది. నేను కొంగున ఉల్లిగడ్డ కట్టుకుంటే ఒకటే నవ్వు. నవ్వనీ! ఎండలో బొమ్మల దగ్గరికి ఎట్లా పోవాలో నాకు మా అత్త నేర్పింది. ఆమె చల్లగా ఉండాలె, ఎక్కడున్నా.

ఆమె నాకది నేర్పింది పోలీసు చర్యకు ముందటి ఎండాకాలంలో. ఇబ్రహీంపట్నం నుంచి కోహెడ వైపు పోతే, ఒక గుట్ట కింద పాత రాతి బొమ్మలు నిలబడి ఉండేవి. గుర్రం మీద కత్తి దూసినవాడు, చెయ్యెత్తిన ఆడమనిషి, ముక్కు విరిగిన వీరుడు. ఎండలు ముదిరితే ఆడవాళ్లం పోయి, పసుపు, వేపాకు కలిపిన నీళ్లు పోసి వాటిని చల్లబెట్టేవాళ్లం. దాన్నే సాక పోయడం అంటాం.

ఆ ఏడు మాకు ఇంకో పని కూడా పడింది. మా ఆయన దొరలను ఎదిరించే సంఘంలో చేరాడని తుపాకులవాళ్లు వెతుకుతుంటే, ఆ గుట్ట మీది ముళ్లపొదల్లో దాక్కున్నాడు. అక్కడ చుక్క నీళ్లు లేవు. అందుకని అత్త ఒక కుండ, నేను ఒక కుండ మోసుకుపోయేవాళ్లం. ఒకటి బొమ్మలకు. రెండోది గుర్రం బొమ్మ వెనక దాచి వస్తే, చీకటిపడ్డాక ఆయన దిగివచ్చి తాగేవాడు.

బయలుదేరే ముందు అత్త నాతో అంబలి తాగించేది. కుండలకు తడి గోనె చుట్టేది. నా నెత్తిన మోదుగాకులు పరిచేది. “నోరు మూసుకొని నడువ్ పిల్లా, ముచ్చట్లు పెడితే గొంతెండుతది” అనేది. దారి పొడుగునా మాట్లాడేది మాత్రం తనే!

ఒకరోజు పోయేసరికి బొమ్మల నీడలో ఇద్దరు తుపాకులు పట్టుకొని కూర్చున్నారు. నేను అత్త వెనక్కి జరిగాను.

“ఏయ్ ముసల్దానా, గిన్ని నీళ్లు ఎవలకు?” అన్నాడొకడు.

“బొమ్మలకు దొరా. ఎండలు మస్తు కొడుతున్నయ్. మీకు నీడ కావాలె గాని, వాటికి సాక వద్దా?” అంది అత్త.

“అయితే మొత్తం పొయ్యుండ్రి. చూస్తం.”

అత్త ఏ ఫికరూ లేనట్టు వేపాకు దూసి రెండు కుండల్లోనూ వేసింది. పొయ్యమని నాకు సైగ చేసింది. పోశాను. ఒక్కో చెంబు ఆయన నోటి దగ్గరి నుంచి గుంజుకున్నట్టే ఉంది. ఏడుపు ఆగక, చెమట తుడుచుకుంటున్నట్టు కొంగు అడ్డం పెట్టుకున్నాను. అత్త మాత్రం “గుర్రం కాళ్లకు పొయ్యి, ఇంకా పొయ్యి” అని గదమాయిస్తూనే ఉంది. ఎంత రాతిగుండె అనుకున్నాను.

ఇంటికి వచ్చాక చెప్పింది. గుర్రం కాళ్ల కింద, గడ్డి మాటున నేనెన్నడూ చూడని లోతైన తొట్టి ఉంది. పోసిన సాక పిట్టలు తాగాలని, ఆ బొమ్మ చెక్కినవాడే తొలిచిపెట్టాడు. ఆ చేతులకు ఇవాళ్టికీ మొక్కుతాను.

మర్నాడు మళ్లీ పోయాం. తొట్టి ఎండిపోయి ఉంది. ఎండ తాగిందో, పిట్టలు తాగాయో, ఆయనే తాగాడో! అప్పుడు తొట్టి అంచున కనిపించాయి వేపాకులు. ఒక్కొక్కటే ఏరి, కుప్పగా పెట్టి ఉన్నాయి. మా ఆయనకు చేదంటే గిట్టదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా ఏరి పారేసే మనిషి.

అత్త ఆ కుప్పను చూసి అక్కడే కూలబడింది. ఏడుస్తూనే తిట్టింది.

“పానం పోతున్నా వేపాకు ఏరుకుంటడు! అవ్, వీడు నా కొడుకే.”