అరవైమంది ఓనర్లు

ఆ రోజుల్లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ ఒకటి చేతిలో ఉండి, బయోడేటాలో 'ఇంగ్లిష్: ఫ్లూయెంట్' అని రాసుకునే ధైర్యం కాస్త ఉంటే చాలు, గుంటూరులో ఏదో ఒక కుర్చీ దొరికేది. ఫ్లూయెంట్ అన్నది అబద్ధమని ఎవరూ పట్టుకునేవాళ్ళు కారు. పట్టుకోవాలంటే వాళ్ళకీ రావాలి కదా! నాకు పందొమ్మిదేళ్ళు. నాన్న మిషన్ స్కూల్లో ఇంగ్లిష్ మాస్టారు గనక నేను ఇంగ్లిష్ దంచేస్తానని ఊరంతా నమ్మకం. (నాన్న ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేది కోపం వచ్చినప్పుడే. అందుకని నాకు తిట్లు బాగా అర్థమయ్యేవి, తక్కినవి అంతంత మాత్రం.) అలా బ్రాడీపేటలో కంప్యూటర్ నేర్చుకుని, ఊరి శివార్లలో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో టైపు చేసే ఉద్యోగంలో చేరాను.

చేరిన మూడో నెలకే విసుగు పుట్టింది. పొద్దుట తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రం దాకా మిర్చి బస్తాల మీద అంటించే చీటీలు కొట్టడమే పని. మధ్యలో తుమ్ములు. పక్కనే పెద్ద రేకుల షెడ్డు. అందులో అరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు. వాళ్ళకి అలవాటైపోయిన ఘాటు నాకు అలవాటు కాలేదు. నెలాఖరుకి మానేస్తానని నాన్నకి చెప్పేశాను. "మానేసి ఏం చేస్తావ్?" అన్నారు. జవాబుగా నాకు తుమ్ము ఒక్కటే వచ్చింది.

సరిగ్గా అప్పుడే మద్రాసు ఆఫీసు నుంచి డైరెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. పనివాళ్ళందరికీ నాయకత్వం గురించి మాట్లాడతారట. మా మేనేజరు గారు (ఎవరు ఎన్ని నిమిషాలు నీళ్ళకెళ్ళారో చేతి గడియారం చూసి చెప్పే మనిషి, అందుకని వెనకాల ఆయన పేరు 'గడియారం') రెండు రోజులు షెడ్డంతా కడిగించి, ముగ్గులేయించి, ఒక చివర స్టేజీ కట్టించారు. డైరెక్టరు గారు వచ్చారు. తెల్లజుట్టు, మడత నలగని చొక్కా, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన మైకు ముందు నిలబడగానే గడియారం గారు నా చెవి దగ్గరకొచ్చి, "ఏమ్మాయ్, ఆయన ఇంగ్లిషులో చెప్తారు. నువ్వు తెలుగులో చెప్పు" అన్నారు.

"మీరే చెప్తానన్నారుగా సార్!"

"నాకు గొంతు బాలేదు. బయోడేటాలో ఫ్లూయెంట్ అని రాసింది నువ్వేగా?"

రాసింది నేనే. స్టేజీ ఎక్కాను.

మొదట్లో బండి బాగానే నడిచింది. ఆయన గుడ్ మార్నింగ్ అంటే నేను అందరికీ నమస్కారం అన్నాను. తాను చిన్న గుమాస్తాగా మొదలుపెట్టానని ఆయన చెప్తే అదీ చెప్పాను. తర్వాత ఆయన 'విజన్' అన్నారు. ప్రతి ఒక్కరికీ విజన్ ఉండాలట. ఒక్క క్షణం ఆలోచించి, "మనందరికీ కంటిచూపు బాగుండాలని సారు కోరుకుంటున్నారు" అన్నాను. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "కళ్ళద్దాలిస్తారంటనే" అని వెనకనుంచి ఒక గొంతు వినపడింది. ఆయన మరింత ఉత్సాహంగా, చెయ్యెత్తి షెడ్డంతా చూపిస్తూ, ఒక పెద్ద వాక్యం చెప్పారు. అందులో నాకు చిక్కిన మాట 'ఓనర్‌షిప్' ఒక్కటే. అందరూ ఓనర్‌షిప్ తీసుకోవాలట. ఓనర్ అంటే నాకు తెలుసు, మా ఇంటి ఓనర్ ఒకటో తారీఖు తెల్లారేసరికి గుమ్మంలో ఉండేవాడు. మైకు గట్టిగా పట్టుకుని, "ఈ రోజు నుంచి ఈ కంపెనీ మీ అందరిదీ! మీరంతా ఓనర్లేనని సారు చెప్తున్నారు!" అన్నాను.

షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు చప్పట్లు. డైరెక్టరు గారు చెయ్యి ఊపారు. గడియారం గారి మొహం మాత్రం పాలిపోయింది.

చప్పట్లు ఆగకుండానే ముందువరసలోంచి మైకు పిన్ని లేచింది. ఆవిడకి మైకు అవసరం లేనంత గొంతు కాబట్టి ఆ పేరు.

"పాపా, నిజంగానే మాదేనంటన్నాడా?"

"అవును పిన్నీ, అలాగే అన్నారు."

"అట్టయితే అడుగు. ఎండాకాలం ఈ రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టుంటది. ఇంతమందికీ రెండు ఫ్యానులేంది? నీళ్ళ బిందె తీస్కపోయి గేటు కాడ పెట్టారు, తాగొచ్చేలోపల లేటయిందంటాడు ఈయన. మొకానికి కట్టుకోను ఒక గుడ్డముక్క గూడా ఇవ్వరు. ఓనర్లకి ఇట్టనా జరిగేది?"

"అడుగమ్మా, అడుగు!" అని మిగతావాళ్ళంతా అందుకున్నారు. డైరెక్టరు గారు మావైపు తిరిగి ఏమంటున్నారని అడిగారు. నేను నోరు తెరిచేలోగా గడియారం గారు అడ్డొచ్చి, "థ్యాంక్స్ చెప్తున్నారు సర్, చాలా హ్యాపీ" అని ఇంగ్లిషులో చెప్పి, ఆయనకి కనపడదనుకుని నాకేసి నోటిమీద వేలు పెట్టి చూపించారు.

మానేద్దామనుకున్న ఉద్యోగమే అయినా, మానేయడం వేరు, గెంటించుకోవడం వేరు. ఇంటికెళ్ళి నాన్నకేం చెప్పను? కిందకి చూస్తే మైకు పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని, కారం అంటి మండే కళ్ళతో నన్నే చూస్తోంది. నేను చెప్తానని ఆవిడకి అనుమానమే లేదు. ఆ చూపు చూశాక, ఉన్న ఇంగ్లిషంతా కూడగట్టుకుని, "నో సర్! దే ఆర్ ఓనర్స్. ఓనర్స్ వాంట్ ఫ్యాన్స్. ఓనర్స్ వాంట్ వాటర్. ఓనర్స్ వాంట్ క్లాత్ ఫర్ ఫేస్" అనేశాను.

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తలెత్తి రెండు ఫ్యాన్లనీ చూసి, ఏదో రాసుకున్నారు. మీటింగ్ అయిపోయింది. "రేపట్నించి నువ్వు రావక్కర్లేదు" అని గడియారం గారు మెట్ల దగ్గరే చెప్పేశారు. నేను బ్యాగు సర్దుకుంటుంటే, డైరెక్టరు గారు పిలుస్తున్నారని కబురొచ్చింది.

లోపల ఆయన ఒక్కరే ఉన్నారు. మనసులో ఇంగ్లిషులో క్షమాపణ కూర్చుకుంటూ నిలబడ్డాను. ఆయన కుర్చీ చూపించి, "కూచో అమ్మా. మా అమ్మది నెల్లూరు" అన్నారు.

తెలుగులో! నాకు తల తిరిగిపోయింది.

"అంటే సార్... నేను చెప్పినవన్నీ..."

"కంటిచూపు దగ్గర్నించీ విన్నాను" అని పకపకా నవ్వారు. "మైకు ముందు తెలుగులో తడబడతాను గానీ వింటే అంతా తెలుస్తుంది. నిన్ను ఆపుదామనే అనుకున్నా. ఆపితే వాళ్ళ మాట నాదాకా రాదని ఊరుకున్నా. ఓనర్‌షిప్ అంటే సొంత పనిలాగా చూసుకోమని అమ్మా. తెలీనప్పుడు నన్ను అడగొచ్చు కదా?"

"సిగ్గేసింది సార్."

"నాకూ అంతే. మొదటి ఉద్యోగంలో మా పెద్దాయన చెప్పిన ఊరు సరిగ్గా వినపళ్ళేదు. మళ్ళీ అడిగితే తిడతాడని తూత్తుకుడి వెళ్ళాల్సిన లారీని తిరుచ్చి పంపించా." ఆ మాట చెప్తుంటే ఆ వయసులోనూ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అందరి ముందూ 'నాకిది తెలీదు, చెప్పండి' అనడం నేర్చుకో. అది నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఇంకోటి. మేనేజరు వద్దని సైగ చేస్తున్నా వాళ్ళ మాట నాకు చెప్పావు చూడు, ఆ పని మాత్రం మానొద్దు. డిగ్రీ చేశావా?"

లేదన్నాను. "కట్టు" అన్నారు. అంతే. కారు ఎక్కే ముందు గడియారం గారితో ఏం మాట్లాడారో తెలీదు గానీ, మర్నాడు నా కుర్చీ నాకే ఉంది.

సలహా మంచిదే, నేను దాన్ని వాడిన పద్ధతే ఘోరం. మర్నాటినుంచి కనపడిన ప్రతివాళ్ళనీ అడగడం మొదలుపెట్టాను. కాయలో తేమ ఎందుకు కొలుస్తారు, ఈ కాయకి రంగెక్కువ ఆ కాయకి ఘాటెక్కువ ఎందుకు, ఓడలో ఎన్ని రోజులుంటుంది అని. వారం తిరిగేసరికి గడియారం గారు నన్ను చూస్తే బాత్రూంలోకి వెళ్ళిపోయేవారు. చివరికి నాకు ఓపిగ్గా చెప్పింది మైకు పిన్ని. గుప్పెడు కాయలు నా చెవి దగ్గర ఆడించి, "గింజ గలగలమంటే ఎండినట్టు. అనకపోతే ఇంకా పచ్చి ఉన్నట్టు. తేమ కొలిచే మిషను తర్వాత చూసుకో" అనేది. ఆవిడ చెప్పిందీ మిషను చూపించిందీ ఎప్పుడూ తేడా రాలేదు. ఎండలు ముదిరేలోపు ఆరు ఫ్యాన్లొచ్చాయి, బిందె షెడ్డులోకొచ్చింది, మొహానికి గుడ్డలొచ్చాయి. కళ్ళద్దాలు మాత్రం రాలేదు. వాటి గురించి నన్ను రెండేళ్ళు దెప్పారు.

మానేస్తానన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు, నాన్న గుర్తు చేయలేదు. కరెస్పాండెన్స్‌లో డిగ్రీ కట్టాను, షెడ్డు సూపర్‌వైజర్నయ్యాను. ఇప్పుడు ఇంకో కంపెనీలో సరుకు నాణ్యత చూసే విభాగమంతా నాదే. పెద్దవాళ్ళ మీటింగుల్లో కొత్త మాట వినపడితే చెయ్యెత్తి "అంటే ఏమిటండీ?" అంటాను. కుర్రాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. కానీ పైవాళ్ళకి నచ్చని మాట ఏదైనా చెప్పాల్సివస్తే మాత్రం ముందు రెండు రోజులు ఆలోచిస్తాను, ఎవరు ఏమనుకుంటారో లెక్కేసుకుంటాను, మెత్తటి పదాలు వెతుక్కుంటాను. అప్పుడు ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొచ్చి నామీద నాకే నవ్వొస్తుంది. దాని దగ్గర పట్టుమని పాతిక ఇంగ్లిష్ మాటలు లేవు. ఉన్నవాటితోనే చెప్పాల్సింది చెప్పేసింది.