నా గొంతు మీద చెల్లి చెయ్యి

మా చెల్లికి ఆరేళ్లప్పుడు అమ్మవారు పోసి, కళ్లూ చెవులూ రెండూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ల మాట దానికి తెలిసేలా అమ్మే ఒక దారి కనిపెట్టింది. మాట్లాడేవాళ్ల పెదాల మీద బొటనవేలు, గొంతు మీద తక్కిన వేళ్లు పెట్టించేది. ఆ అదురును బట్టి మాట పట్టేది చెల్లి. అమ్మ పోయాక అది చెయ్యి వేసే గొంతు నాదొక్కటే. అన్న తాకనిచ్చేవాడు కాదు. "మూతి మీద చెయ్యేందీ, అసయ్యంగా!" అని విదిలించేవాడు.

అప్పటికి నేను మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో నంద్యాలలో అన్న పంచన పడి ఉన్నాను. అమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాల చేను ఆళ్లగడ్డ దగ్గర ఉండేది. చెల్లి కూటికి ఎవరినీ దేబిరించకూడదని, పోయేముందు ఆ చేను దాని పేర రాసింది. కర్నూలు రాజధానిగా ఉన్న చివరి ఏడాది అన్న నన్ను పిలిచాడు.

"చేను నా పేర రాపిచ్చుకుంటాండా. నువ్వు చెప్తేనే అది ఏలిముద్ర ఏస్తాది. చెప్పకుంటే నీ పిల్లోల్లను తీసుకొని యాడికన్నా పో."

ఆళ్లగడ్డ బస్సులో చెల్లి అరికాళ్లు కిందికి ఆనించి కూర్చుంది. "శిరివెళ్ల దాటినామా అక్కా? గతుకులు మారె" అని నవ్వింది. ఇంత తెలిసినదానికి ఇది తెలియదా అని నాకు దాని మీదే కోపమొచ్చింది. నా సిగ్గులేనితనం అలాంటిది.

రిజిస్ట్రారాఫీసు వసారాలో దాని చెయ్యి నా మొహం మీద పెట్టుకున్నాను. "నీ చేను ఎవురూ లాక్కోకుండా కాయితం రాపిస్తాండాము. ఇష్టమేనని చెప్పు."

"గొంతు యాల వణుకుతాంది?"

"జలుబు."

లోపల అధికారి, ఇష్టపడే రాసిస్తోందా అడగమన్నాడు. "ఇష్టమేనా?" అని మాత్రం అడిగాను. "ఇష్టమే" అని గట్టిగా చెప్పి వేలిముద్ర వేసింది.

విత్తనాలనాడు ఎప్పటిలా చేనికి తీసుకుపొమ్మంది. అప్పుడు అన్న తనంతట తనే దాని చెయ్యి పట్టి తన గొంతుకు ఆనించుకున్నాడు. "చేను నాది. మీ అక్కే చెప్పి ఏలిముద్ర ఏపిచ్చె." దాని చెవులు పోయాక దానితో ఆయన మాట్లాడింది అంతే. చెల్లి చెయ్యి చీరకు తుడుచుకుంది.

సాయంత్రం క్షమించమని అడుగుదామని ఆ చేతిని నా గొంతు దగ్గరికి తీసుకున్నాను. వేళ్లు ముడుచుకుంది.

"వద్దులేక్కా. నీ గొంతు ఆ పొద్దే నిజం చెప్పింది. నేనే జలుబనుకుంటి."

బతికినన్నాళ్లూ అది మళ్లీ ఎవరి గొంతూ తాకలేదు. ఇద్దరం పక్కపక్కనే కూర్చొని అన్న పెట్టిన కూడే తిన్నాం.