షహర్‌బాను మేకలు

పులిమేక ఆటలో పీరా సాహెబ్ తన పెళ్ళాం మీద ఒక్కసారి కూడా గెలవలేదు. పెళ్ళైన కొత్తలో గెలవలేదు, పిల్లలు బడికి పోయే వయసొచ్చినా గెలవలేదు. చిత్తూరు గిరింపేటలో వాళ్ళ అద్దె ఇంటి నేల మీద సుద్దముక్కతో గీసిన పటం ఎప్పుడూ ఉండేది. ఆయనవి మూడు పులులు, అంటే మూడు గులకరాళ్ళు. ఆమెవి పదిహేను మేకలు, అంటే చింతగింజలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టూ చేరి పులులను కదలనీయకుండా చేస్తే పులుల పని అయిపోయినట్టు. షహర్‌బాను మొదట్లోనే ఒక మేకను కావాలని వదిలేసేది. పీరా పులి ఆశపడి దూకేది. దూకిన మూల నుంచి మళ్ళీ బయటికి వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఇదే జరుగుతున్నా ఆయన దూకడం మానలేదు. మనిషి అంత మంచివాడు.

ఎనభై ఏడులో ఆయన పనిచేసే వేరుశెనగ రైతుల సహకార సంఘానికి కంప్యూటర్ వచ్చింది. మేనేజరు బాలసుబ్రమణ్యం గదిలో తిరిగీ తిరగని ఫ్యాను ఒకటే ఉండేది గానీ, కంప్యూటర్ గదికి మాత్రం ఏసీ పెట్టించారు. ఆయుధపూజ నాడు దాని తెర మీద మూడు కుంకుమ బొట్లు పెట్టి, వాటిని తుడిస్తే అపచారమని అలాగే ఉంచేశారు. బొట్ల కింద ఏ అంకె ఉందో ఊహించుకుని చదవాల్సిందే. గది తలుపు మీద మేనేజరు సొంతంగా రాసిన నిబంధనలు అంటించి ఉండేవి. చెప్పులు బయట విడవాలి. ఆపరేటరు తప్ప మరొకరు లోపలికి రాకూడదు. సంఘం లెక్కలు తప్ప యంత్రంలో మరో పని జరగకూడదు. లోపలిదేదీ బయటికి పోకూడదు.

ఆ ఆపరేటరు పీరా సాహెబ్. తిరుపతిలో ఆరు నెలలు నేర్చుకుని వచ్చాడు. ఉద్యోగం టెంపరరీ. పర్మనెంటు అయితే సంఘం క్వార్టర్స్‌లో ఇల్లు ఇస్తారు. ఆ ఇంట్లో కొళాయి ఉంది. వీధి చివర బోరింగు దగ్గర బిందెల వరసలో జుట్లు పట్టుకునే షహర్‌బానుకు ఆ కొళాయి కలలోకి కూడా వచ్చేది.

పీరా కలలోకి మాత్రం మేకలే వచ్చేవి. యంత్రానికి పులిమేక నేర్పాలని ఆయనకు ఏ ఘడియలో బుద్ధి పుట్టిందో గానీ, భోజనాల వేళ తలుపేసుకుని కూర్చునేవాడు. అబద్ధమెందుకు, భోజనాల వేళ దాటాక కూడా కూర్చునేవాడు. పటం గీయించడం తేలికే. మేక తెలివిగా కదలాలంటే ఎట్లా? ఆయనకు తెలిసిన తెలివైన మేకలు లోకంలో ఒక్కరివే. కాబట్టి రాత్రి ఇంట్లో ఆడి ఓడిపోవడం, ఎలా ఓడిపోయాడో గుర్తుపెట్టుకోవడం, మర్నాడు దాన్ని యంత్రంలో ఎక్కించడం మొదలుపెట్టాడు. ఇదివరకు ఓడితే మూతి ముడుచుకుని పడుకునే మనిషి ఇప్పుడు ఓడి, ముసిముసిగా నవ్వుకుంటూ ‘ఇంకొక ఆట’ అనేవాడు. షహర్‌బానుకు భయమేసింది. ఎవరో మందు పెట్టారని మసీదు దగ్గరికి పోయి తాయెత్తు తెచ్చి కట్టింది.

ఆటను ఆయన ‘తాలుకాయల లెక్క’ అనే పేరు కింద దాచాడు. గింజ లేని కాయల లెక్క సంఘంలో ఏ అధికారీ తెరిచి చూసిన పాపాన పోలేదు. కానీ అటెండరు కుప్పయ్య తలుపు అద్దంలోంచి చూశాడు. కుప్పయ్య చూస్తే గోడౌను చూసినట్టే. గోడౌను చూస్తే కాయలు తోలుకొచ్చిన రైతులు చూసినట్టే. ఒకనాడు మధ్యాహ్నం మేనేజరు వచ్చేసరికి ఒక్క మనిషికి మాత్రమే ప్రవేశం ఉన్న గది ముందు చెప్పుల కుప్ప ఉంది. లోపలికి వెళ్ళిన ఇరవై మందీ నిబంధన ప్రకారం చెప్పులు విడిచే వెళ్ళారు. అందుకే దొరికిపోయారు.

“ఏంది సాహెబూ ఇది? సంఘం మిషన్లో మేకల్ని మేపతా ఉండావా?” అన్నాడు బాలసుబ్రమణ్యం. మేనేజరు అక్కడికక్కడే ఆటను తుడిచేయమన్నాడు. అప్పుడు కుప్పయ్య మెల్లగా, “సార్, తుడిచేస్తే రేపు సాక్ష్యం యాడుంటాది?” అన్నాడు. కుప్పయ్య పులి ఇంకా ఆట మధ్యలో ఉంది మరి.

మేనేజరు రూలు తెలిసిన మనిషి. ఛార్జిమెమో ఇచ్చాడు. ‘సంఘమునకు చెందని మేకలను, పులులను సంఘపు యంత్రమునందు ఉంచుట’ అన్నది నేరం. విచారణ ముగిసేదాకా ఆటను ఎవరూ ముట్టరాదనీ, ముగిసిన రోజే తుడిచివేయాలనీ ఆర్డరు వేశాడు.

విచారణాధికారి మునిరామయ్య తిరుపతి నుంచి నెలకొకసారి బస్సులో వచ్చేవాడు. నేరం స్వయంగా చూడాలన్నాడు. ముద్దాయి చేతులు కట్టుకుని నిలబడి, నేరాన్ని నడిపి చూపించాడు. మునిరామయ్య పులులు మూడూ మూలన చిక్కాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ‘విచారణ అసంపూర్తి’ అని రాసి వెళ్ళాడు. మరుసటి నెల తిరుమల లడ్డూ తెచ్చి, చిదిపి, ఒక ముక్క యంత్రం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని ఆడాడు. విచారణ మళ్ళీ అసంపూర్తి అయింది. ఇలా నడుస్తుంటే పీరా ముద్దాయిగా చాలా సుఖంగా ఉన్నాడు. కేసు ఉన్నంతకాలం మేకలు బతుకుతాయి. నిర్దోషి అని తేలిన రోజే వాటికి చావు.

ఇంతలో టెంపరరీ వాళ్ళను పర్మనెంటు చేయమని ఉత్తర్వు వచ్చింది. కేసు ఉన్నవాళ్ళకు మాత్రం లేదు. ఆ మాట కుప్పయ్య భార్య బోరింగు దగ్గర షహర్‌బాను చెవిన వేసింది. ఇంట్లో ఆలుమగలు ఉర్దూలో మాట్లాడుకుంటారు. వీధి వీధంతా వినాలనుకున్నప్పుడు షహర్‌బాను తెలుగులోకి దిగేది.

“పులిమేక ఆడినందుకు జూదం కేసంట! పిల్లోళ్ళ తండ్రివి గదా, సిగ్గుండాల్నా వద్దా? నువ్వు నోరు తెరవకపోతే నేనే వచ్చి చెప్తా!”

“వద్దు బానూ, దాంట్లో నీకు తెలీని ఇసయం ఉండాది,” అన్నాడు పీరా. అదేమిటో మాత్రం చెప్పలేకపోయాడు. పెళ్ళాం ఆటను ఎత్తుకుపోయి ఆఫీసులో దాచానని ఏ మొగుడు చెప్పగలడు?

తరువాతి విచారణకు ఆమె బురఖా వేసుకుని, చెప్పులు బయట విడిచి, నేరుగా మునిరామయ్య ముందు నిలబడింది. “ఇది జూదం కాదు సార్, పిల్లోళ్ళ ఆట. ఇది తప్పయితే ముందు నన్ను పట్టుకోండి. ఈయనకు ఆడటమే రాదు,” అంది. మునిరామయ్య కళ్ళు మెరిశాయి. “నీకు వస్తుందామ్మా? అయితే కూర్చో. ఆ పులుల్ని ఎట్లా బయటికి తీయాల్నో సూపించు,” అన్నాడు. మేనేజరు నిబంధనల కాగితం వైపు చూశాడు గానీ, ఆయనకూ చూడాలనే ఉంది.

షహర్‌బాను జీవితంలో మొదటిసారి పులుల వైపు కూర్చుంది. తెర మీద వేలు పెట్టి చూపిస్తే పీరా మీట నొక్కేవాడు. నాలుగు ఎత్తులు అయ్యాయో లేదో, యంత్రం ఒక మేకను ఊరికే వదిలేసింది. షహర్‌బాను వేలు ఆగిపోయింది. అది ఎర అని ఆమెకు తెలుసు. ఆమెకు గాక ఇంకెవరికి తెలుస్తుంది? అయినా దూకించింది, తరువాత ఏమవుతుందో చూడాలని. తరువాత ఆమె చేసేదే అయింది. ఎడమ మూల ముందు మూసుకుంది. నడుమ మేక కదలకుండా నిలబడింది. చివరి మేక చాలాసేపు బయట ఉండి, అందరి తరువాత వచ్చింది. పులులు మూడూ చిక్కాయి. షహర్‌బాను మొదటిసారి ఓడిపోయింది.

ఆమె మొగుడి వైపు తిరిగి, అందరి ముందూ ఉర్దూ మరిచిపోయి, “ఇది నేను గదా?” అంది.

పీరా తల ఊపాడు. “నువ్వే. వేరే ఎవరి ఆటా నాకు తెలీదు.”

“ఓడిపోయి పక్కకి తిరిగి పడుకుంటావు గదా. ఇదంతా ఎప్పుడు సూసినావు?”

“దినామూ సూస్తానే ఉన్నా బానూ.”

షహర్‌బానుకు ఏడుపు వచ్చింది. బురఖా అంచుతో మొహం తుడుచుకుంది. మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు. “సరేనమ్మా, నీ సాక్ష్యం చాలు. ఈయన తప్పు లేదని ఒక్క మాట చెప్పు, ఈ పొద్దే కేసు మూసేస్తాం. పర్మనెంటు అయిపోతాది. బాలసుబ్రమణ్యంగారు దీన్ని తుడిచేస్తారు.”

“తుడిచేస్తే?”

“ఉండదు. మళ్ళీ రాదు,” అన్నాడు మేనేజరు.

పీరా నేల చూపులు చూస్తున్నాడు. ఆమెను వద్దనే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. నీళ్ళు మోసేది ఆమె.

షహర్‌బాను తెర వైపు, తన మేకల వైపు కాసేపు చూసింది. “తప్పు చేసినాడు సార్,” అంది. “పెద్ద తప్పు చేసినాడు. రాసుకోండి. బాగా విచారించండి, తొందరేమీ లేదు.”

“ఇల్లు పోతాదమ్మా! ఇంట్లో కొళాయి పోతాది!” మేనేజరు కంగారుపడ్డాడు.

“తెలుసు సార్. నీళ్ళదేముండాది, మోసుకుంటా. నన్ను ఇంత బాగా సూసినోళ్ళు ఇంకెవురుండారు? దాన్ని నా నోటితో తుడిచేయమని ఎట్లా చెప్పేది?”

మునిరామయ్య సంతోషం దాచుకోలేక కాగితం మీద గబగబా ‘విచారణ అసంపూర్తి’ అని రాసి ముందుకు తోశాడు. ముద్దాయి సంతకం చేయాల్సిన చోట పీరా సాహెబ్ తన పేరు రాశాడు. కళ్ళలో నీళ్ళు నిండి అక్షరాలు వంకర పోయాయి.