చాంబరు మీద రెండు దెబ్బలు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఇంట్లో వాళ్లకు తెలియదు. నాతో పనిచేసిన వాళ్లకూ తెలియదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషి ఇప్పుడు లేడు. మిగిలిన ఒక్కరి ఎదుట నోరు తెరిచే ధైర్యం నాకు లేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు.

నేను కార్ల మెకానిక్కుని. అప్పట్లో కొత్తపేటలో సత్తిబాబుగారి షెడ్డులో పనిచేసేవాడిని. నాకు పని నేర్పింది ఆయనే. ఇంజనాయిలు మార్చేటప్పుడు ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటే. ఫిల్టరు చేత్తోనే బిగించాలి. పాత ఆయిలు దించడానికి చాంబరుకి కింద ఉండే డ్రైను బోల్టు వాషరును పట్టుకోగానే ఆపెయ్యాలి. చాంబరంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి. అది అల్యూమినియం, బోల్టేమో ఇనుము. మితిమీరి బిగిస్తే చాంబరు బెజ్జం లోపలి మరలు అరిగి ఊడిపోతాయి.

నాకది తెలుసు. తెలిసీ బిగించేవాడిని. ఎందుకు? పనిలో చేరిన కొత్తలో నేను వేసిన ఫిల్టరొకటి కారింది. కారు యజమాని పదిమందిలో నన్ను చేతకానివాడన్నాడు. ఆ రోజు నుంచి పానాకి పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి, ఒంట్లో బలమంతా పెట్టి బిగించడం మొదలుపెట్టాను. మళ్లీ విప్పేటప్పుడు ఫిల్టర్లు కదిలేవి కావు. స్క్రూడ్రైవరు పొడిచి తిప్పితే రేకు చిరిగి నా వేళ్లే తెగేవి. అయినా మానలేదు. కారకపోతే చాలు, ఎవరూ ఏమీ అనకపోతే చాలు అనుకునేవాడిని.

మామిడికుదురు నుంచి ఏసుపాదంగారు తన కారు మా దగ్గరికే తెచ్చేవారు. సొంత కారు, కిరాయికి తిప్పేవారు. యాభై దాటిన మనిషి. బయల్దేరే ముందు నాలుగు టైర్లూ చేత్తో తట్టి, ఆయిలు పుల్ల తీసి చూసుకోందే స్టీరింగు ముందు కూర్చునేవారు కాదు. ఆ చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు ఆయనకే కబురు వెళ్లేది.

ఒక మధ్యాహ్నం ఆయన కారు ఆయిలు మార్చడానికి వచ్చింది. సత్తిబాబుగారు భోజనానికి ఇంటికి వెళ్లారు. డ్రైను బోల్టు కదల్లేదు. కిందటిసారి దాన్ని బిగించింది నేనే. పైపు వేసి లాగాను. కిర్రుమంటూ వచ్చింది. బోల్టుతో పాటు చాంబరు మరలు కూడా సన్నటి తీగలా చుట్టుకుని వచ్చేశాయి.

అప్పుడు చెయ్యాల్సింది ఏమిటో నాకు బాగా తెలుసు. చాంబరు విప్పి లేతు దగ్గరికి పంపి కొత్త మరలు వేయించాలి. ఒక్క రోజు పని. కానీ ఆ ఒక్క రోజు కారు ఆపాలంటే, నేను పాడుచేశానని ముందు ఒప్పుకోవాలి. నోరు రాలేదు. బోల్టుకి టేపు చుట్టాను. పైన కారకుండా పట్టే పేస్టు రాశాను. బోల్టు ఊరికే తిరిగి తిరిగి చివరికి ఒకచోట పట్టినట్టు ఆగింది. కింద శుభ్రంగా తుడిచాను. ఏసుపాదంగారు వచ్చి అంతా బాగుందా అని అడిగారు. ఆయ్ అన్నాను.

దాదాపు ఇరవై రోజులు ఆ బోల్టు నిలిచింది.

తరువాత ఒక ఉదయం ఏసుపాదంగారి బావగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆయన రిటైరైన మాస్టారు. ఏసుపాదంగారి అక్క సుగుణమ్మగారు వెనక సీట్లో భర్త తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏసుపాదంగారే కారు నడుపుతూ రాజమండ్రి తీసుకెళ్తున్నారు. దారిలో ఎక్కడో బోల్టు జారిపోయింది. ఆయిలంతా రోడ్డు పాలయింది. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కాక ఇంజను పట్టేసింది. ముందు లారీలు, వెనక లారీలు. ఇంకో బండి దొరికి వాళ్లు ఎక్కేసరికి అరగంట పట్టిందట. ఆసుపత్రి గేటు చేరేలోగానే మాస్టారు పోయారు.

ఆ అరగంట దక్కి ఉంటే బతికేవారా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. ఆ తెలియకపోవడం వెనకే ఎన్నోసార్లు దాక్కోవాలని చూశాను. కానీ ఆ తరువాత నేను చేసిన పని విషయంలో తెలియకపోవడానికి ఏమీ లేదు.

మర్నాడు కారును లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు. కిందికి దూరి ముందుగా చూసింది నేనే. బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ. అంచున తెల్లటి టేపు పీలికలు వేలాడుతున్నాయి. చాంబరు విప్పాను. షెడ్డు వెనక్కి పట్టుకెళ్లి, బోల్టు బెజ్జం ఉన్నచోట సుత్తితో కొట్టాను. రెండు దెబ్బలకి ముక్కలైంది. షెడ్డులో సుత్తి చప్పుడు ఎవరు పట్టించుకుంటారు? టేపు అంటిన ముక్కలు ఏరి కాలువలో పారేసి, మిగిలింది తెచ్చి రాయి తగిలి పగిలిందని సత్తిబాబుగారికి చూపించాను. ఆయన దాన్ని చేతిలో తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. తిరిగి నా చేతికే ఇచ్చేశారు. ఆయనకు అర్థమైందో లేదో ఇవాళ్టికీ నాకు తెలియదు.

నాలుగో రోజు ఏసుపాదంగారు వచ్చారు. గడ్డం మాసిపోయి ఉంది. నా పక్కనే స్టూలు మీద కూర్చున్నారు.

"రాయి తగిలిన చప్పుడు నాకు వినపళ్లేదయ్యా. నువ్వు సరిగ్గా చూసేవా?"

"చూసేనండి. కింద పగిలిపోయిందండి."

"ఆయిలు పోతే మీటర్ల దగ్గర ఎర్ర లైటు వెలుగుద్ది గదా. వెలిగిందంటావా?"

"ఆయ్. వెలిగే ఉంటుందండి. మీరు చూసుకోలేదేమోనండి."

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు.

"అద్దంలో బావగారి మొహమే చూస్తా నడిపేను. లైటు చూళ్లేదు. అయితే నాదే తప్పన్నమాట."

నేను కాదనలేదు. నా చేతిలో ఉన్న గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న పానాను మళ్లీ తుడిచాను.

లైటు వెలిగే ఉంటుంది, అది నిజమే. ఆయన చూడకపోవడమూ నిజమే. రెండు నిజాలు చేర్చి నేనంత పెద్ద అబద్ధం ఎలా చెప్పగలిగాను? అంతకు ముందు నాలో అంత తెలివి ఉందని నాకే తెలియదు.

ఆయన నాలాంటివాడు కాదు. నేరుగా అక్క దగ్గరికి వెళ్లి, లైటు చూసుకోలేదు, నా వల్లే జరిగింది అని చెప్పేశారు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ తరువాత తమ్ముడితో మాట్లాడనే లేదు. ఏసుపాదంగారు కారు అమ్మేసి, ఒక కొబ్బరి కొట్టులో కాయలు ఒలిచే పనికి కుదిరారు. మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఒకటి రెండుసార్లు ఆయన ఎక్కిన బస్సులో నేనూ ఉన్నాను. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్లి, రోడ్డు కనపడని చోట కూర్చునేవారు. ఒకసారి నన్ను చూసి పిల్లలెలా ఉన్నారని అడిగారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పక్కన ఎవరూ లేరు కూడా. బాగున్నారండి అన్నాను. నా స్టాపు రాకముందే దిగిపోయాను.

పోయిన నెల ఆయన చనిపోయారు. సమాధుల దొడ్డికి నేనూ వెళ్లాను. సుగుణమ్మగారు వచ్చారు కానీ గేటు దగ్గరే నిలబడిపోయారు. తమ్ముడి ముఖం చూడమని ఎవరో చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నారు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. శవపెట్టె మూయడానికి ఇంకా సమయం ఉంది. నోరు విప్పితే ఆమె ఆ పది అడుగులూ నడిచి లోపలికి వెళ్లేవారేమో. నేను విప్పలేదు. పెట్టె మూసేశారు.

వారం తరువాత ఆమె ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, "ఎవరు కావాలి బాబూ?" అన్నారు. నోటికొచ్చిన ఎవరి పేరో చెప్పి ఆ ఇల్లెక్కడని అడిగాను. ఆ పేరు గలవాళ్లు ఆ వీధిలో లేరు. ఎండన పడి వచ్చావంటూ మంచినీళ్లిచ్చారు. తాగి వచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? పన్నెండేళ్లు అన్యాయంగా దూరం పెట్టిన తమ్ముడు, గేటు దగ్గరే ఆగిపోయిన చివరి చూపు. చెప్పకపోతే ఈ అబద్ధంతో నాకు నేనే మిగులుతాను. ఆమె కోసం ఆలోచించి ఆగుతున్నానా, నా కోసమేనా? ఎంత తవ్వుకున్నా రెండో జవాబే పైకి వస్తోంది. చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో మీరు చూశారు.

బోల్టు పాడుచేసింది నేను. చాంబరు పగలగొట్టింది నేను. తప్పు తనదేనని ఏసుపాదంగారిని నమ్మించింది నేను. ఈ మూడూ ఒకచోట రాయడం ఇదే మొదటిసారి. రాశాక గుండెల మీద బరువు కాస్త జరిగినట్టుంది. అంతే. ఇంకేమీ మారలేదు.