పీరు తువ్వాలు

పొదిలి రోడ్డులో ఉన్న పత్తి మిల్లులో ఎలక్ట్రీషియన్ పీరు భుజం మీద ఎప్పుడూ ఎర్రగళ్ళ తువ్వాలు ఉంటుంది. టీ గ్లాసు అందుకుంటే అడుగు తుడుస్తాడు, మీటరు చూడబోతే ముందు దాని అద్దం తుడుస్తాడు. పత్తి నూగు గాలిలో తేలే చోట పాతికేళ్ళు పనిచేసినవాడు మరి, చెయ్యి ఊరుకోదు. మిల్లుకి సోలారూ బ్యాటరీలూ సరిపోతాయో లేదో తేల్చడానికి కిందటేడు ఇంజనీరు మాధురి షెడ్డు రేకుల మీద ఒక్క సోలారు పలక బిగించి, అది ఎంత కరెంటు ఇస్తుందో నెల రోజులు రీడింగు రాసే పని అతనికే అప్పగించింది. ఒక్క రోజు కూడా తప్పకుండా రాశాడు. ఆ అంకెలు చూసే యజమాని కాలు పెట్టే సందు లేకుండా రేకుల నిండా పలకలు పరిపించాడు, డీజిలు జనరేటరు అమ్మేశాడు.

ఈ సీజనులో బ్యాటరీలు సగం కూడా నిండలేదు. కరెంటు పోయినప్పుడల్లా యంత్రాలు ఆగిపోతుంటే రెండో షిఫ్టు ఎత్తేశారు. పత్తి ఏరే పన్నెండుమంది ఆడవాళ్ళకి పని పోయింది. వాళ్ళలో పీరు భార్య నజీరా కూడా ఉంది. మాధురి మళ్ళీ వచ్చి, అతన్ని వెంటబెట్టుకుని నిచ్చెనెక్కింది. నూగు పేరుకున్న పలక మీద వేలితో గీత గీసి, "పీరుగారూ, ఆ నెలంతా పలక మీద ఇలాగే నూగు ఉండేదా?" అని అడిగింది.

"అయ్యో, లేదు మేడం. రోజూ శుభ్రంగా తుడిచాకే రీడింగు రాసేవాణ్ణి," అన్నాడు పీరు, కాస్త గర్వంగానే.

ఆమె నూగంటిన వేలు అతనికి చూపించింది. అప్పుడు అర్థమైంది అతనికి. తను రాసినవన్నీ తుడిచిన పలక అంకెలు. చెయ్యి మాత్రం అలవాటుగా తువ్వాలు లాగి, ఎదురుగా ఉన్న పలకను తుడవసాగింది. అతనికి అందేది ఆ మొదటి వరసే. దాని వెనక మూడొందల పలకలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి.