ఖాళీ గుప్పెట్లో తూనీగ

నా చిన్నప్పుడు భిలాయ్‌లో వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మా క్వార్టర్ పెరట్లోకి తూనీగలు గుంపులుగా వచ్చేవి. కుళాయి పక్కన నీళ్ళు నిలిచే గుంట చుట్టూ ఎర్రవి, పసుప్పచ్చవి, రెక్కల మీద నల్లమచ్చలున్నవి తిరుగుతుండేవి. కంచె అవతలి తుమ్మచెట్టు మీద నిగనిగలాడే ఆకుపచ్చ జీరంగి పురుగులు దొరికేవి. వాటిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపడం మా అమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న విద్య. నాకు మాత్రం తూనీగలంటేనే పిచ్చి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ గుమ్మంలో పారేసి పెరట్లోకి పరుగెత్తేదాన్ని. అమ్మ తిట్లు వెనకాలే వచ్చేవి.

మా నాన్న అక్కడి ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. పొద్దుటి షిఫ్టు చేసి వచ్చిన రోజుల్లో స్నానం చేసి, జామచెట్టు కింద పీట వేసుకుని టీ గ్లాసుతో కూర్చునేవారు. తూనీగను పట్టడం నాకు నేర్పింది ఆయనే. ఎదురుగా వెళ్తే చూసేస్తుంది. వెనక నుంచి, మన నీడ దాని మీద పడకుండా, ఊపిరి బిగబట్టి వెళ్ళాలి. రెక్కలు నలగకుండా పట్టుకుని, కాసేపు చూసి వదిలెయ్యాలి. దారం కట్టి ఎగరేస్తానంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు.

ఒకరోజు నాకు ఎన్నడూ దొరకనంత పెద్ద తూనీగ దొరికింది. గుప్పెట్లో మూసి చెవి దగ్గర పెట్టుకుంటే ఎండుకాగితం నలిపినట్టు గరగరలాడింది. ఆ చప్పుడు నాన్నకు వినిపించాలని పరుగెత్తుకెళ్ళి, వెనక నుంచి ఆయన చెవికి గుప్పెట ఆనించి, వినబడుతోందా అని ఆ చెవిలోనే గట్టిగా అరిచాను. ఆయన తల ఊపి, ఎంత బాగా వినబడుతోందో అన్నారు. విమానంలా మోగుతోందని కూడా అన్నారు. గుప్పెట విప్పి చూసుకుంటే ఏమీ లేదు. పరుగులో ఎక్కడో వేళ్ళ సందులోంచి జారిపోయింది.

నాకు నవ్వు ఆగలేదు. నాన్న నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని, రెండో చెవికి ఖాళీ గుప్పెటే పెట్టాను. ఇటువైపు ఇంకా బాగుందన్నారు. ఆ సంబరమంతా ఆయన వెనకాల కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మకు చెప్పాను.

అమ్మ నవ్వలేదు. ఆయన రేడియో గొంతు పెంచడం, ఒకటడిగితే ఇంకోటి చెప్పడం కొన్నాళ్ళుగా ఆవిడ కనిపెడుతూనే ఉందని నాకు తర్వాత తెలిసింది. అమ్మ ఇత్తడి బిందె ఎత్తి సిమెంటు గట్టు మీద వదిలేసింది. ఆ మోతకు పక్కింటి దీదీ గోడ దగ్గరికి వచ్చి, క్యా హువా అని అడిగింది. నాన్న మాత్రం వెనక్కి తిరగకుండా, తూనీగలను చూస్తూ టీ తాగుతూనే ఉన్నారు.

అమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా కూలబడింది. మిల్లులో తల మీదుగా కాలుతున్న ఇనుము మోస్తూ క్రేన్లు తిరుగుతుంటాయి. అవి వస్తున్నాయని కిందివాళ్ళకు చెప్పేది గంట ఒక్కటే.

"ఆ గంట వినబడకండా ఇన్నాళ్ళూ ఎలాగ తిరిగేరండీ? మీకేటైనా అయితే మేమేటైపోవాలి?" అంది.

నాన్న ఆవిడ పెదవులనే చూస్తూ ఉండిపోయారు. ముందు, మిల్లులో అందరికీ కాస్త అంతేనని తీసిపారేశారు. తర్వాత, తోటివాళ్ళు బహరా, చెవిటివాడు అని వెక్కిరిస్తారనీ, మిల్లులోంచి తీసేసి ఏదో మూల కూర్చోబెడతారనీ మెల్లిగా బయటపెట్టారు. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళలేదు. ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకు ఉన్న సంగతి చెప్పేశారు. సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నిన్న నీకు అబద్ధం చెప్పేనమ్మా. నాకేటీ వినబడ్నేదు. నువ్వంత ఆశగా అడిగితే నేదనడానికి నోరు రానేదు," అన్నారు. ఆ వెంటనే, "నువ్వలా చెయ్యకు. వినబడకపోతే వినబడ్నేదను. సిగ్గుపడకు," అన్నారు.

అంతటి మనిషి నా ముందు తల వంచుకుని ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా పెద్దవాళ్ళు పిల్లలతో ఇలా మాట్లాడతారని నాకు తెలియదు.

తర్వాత ఆయన్ను స్టోర్‌కి మార్చారు. కొందరు వెక్కిరించారు కూడా. అయినా ఆయన క్షేమంగా ఇంటికొస్తారన్న ధీమాతో అమ్మ మళ్ళీ కంటినిండా నిద్రపోయింది. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాలేదు. ఉన్న కాస్తా ఏటేటా తరిగి, నేను హైస్కూలుకు వచ్చేసరికి పూర్తిగా పోయింది.

ఇప్పుడు నా చెవులూ మొండికేస్తున్నాయి. మనవలు హిందీలో గబగబా ఏదో అనేసి వెళ్ళబోతారు. అర్థమైనట్టు తల ఊపేస్తే గొడవుండదు. కానీ నేను ఊపను. వినబడలేదు, మళ్ళీ చెప్పమంటాను. వాళ్ళు విసుక్కున్నా సరే, నేను సిగ్గుపడను. ఇది మా నాన్న నాకిచ్చిన ధైర్యం.

ఒక్కటి మాత్రం ఈ వయసులోనూ మరిచిపోలేను. చివరి రోజుల్లో నేను మంచం పక్కన కూర్చుని మాట్లాడుతుంటే, ఆయన నా పెదవులు చూసి నవ్వేవారు. నేను పెద్దదాన్నయ్యాను, తల్లినయ్యాను, తల కూడా నెరిసింది. కానీ మా నాన్న ఎరిగిన నా గొంతు మాత్రం చివరిదాకా ఆ చిన్నపిల్ల గొంతే.